8085 సిమ్యులేటర్ టీమ్ ప్రాజెక్టు: ఒప్పుకునే ముందు వేయాల్సిన లెక్క

ఫైనల్ ఇయర్‌లో నలుగురు కూడి "మనమే ఒక 8085 సిమ్యులేటర్ చేద్దాం" అనుకోవడం తేలికే. 8085 అంటే ల్యాబులో నేర్పే ఎనిమిది బిట్ల మైక్రోప్రాసెసర్, సిమ్యులేటర్ అంటే దాని పనిని కంప్యూటర్లో చేసి చూపే ప్రోగ్రాం. గైడ్ సారు సంతకం పెట్టకముందే గంటల లెక్క తీయండి. ఒక్కొక్కరు వారానికి 6 గంటలు, 12 వారాలు అంటే కాగితం మీద 288 గంటలు. ఇంటర్నల్స్‌కు, బతుకమ్మ–దసరా సెలవులకు 3 వారాలు తీసేస్తే మిగిలేది 216. దేవరకొండ నుంచో అచ్చంపేట నుంచో రోజూ వచ్చిపోయేవాళ్లుంటే సాయంత్రం ల్యాబులో కూర్చుంటామన్న మాటను నమ్మకండి. ఆఖరి బస్సు ఎవరి కోసమూ ఆగదు.

ఉన్నవాటిని ముందు నడిపి చూడండి. జీఎన్‌యూసిమ్8085 అనే సిమ్యులేటర్ ఉచితంగా దొరుకుతుంది. లాజిక్ గేట్ల సర్క్యూట్ల కోసమైతే లాజిసిమ్-ఎవల్యూషన్ ఉంది (అసలు లాజిసిమ్ పని 2014లోనే ఆగిపోయింది). వాటినే మళ్లీ చేస్తే వైవాలో మొదటి ప్రశ్నకే దొరికిపోతారు. తెలుగు మీడియంలో పదో తరగతి చదివి పాలిటెక్నిక్‌కు వచ్చిన జూనియర్‌కు, ప్రతి స్టెప్ దగ్గర "క్యారీ ఇందుకే 1 అయింది" అని ఒక్క వాక్యం తెలుగులో చూపిస్తే మాత్రం మీ ప్రాజెక్టుకు అర్థం ఉంటుంది.

8085లో 246 ఆప్‌కోడ్లు (ప్రాసెసర్ ఆదేశాల నంబర్లు) ఉన్నాయి, అన్నిటి జోలికి పోకండి. మూవ్, ఎంవీఐ, ఎల్‌డీఏ, ఎస్‌టీఏ, యాడ్, సబ్, ఐఎన్‌ఆర్, డీసీఆర్, జేఎంపీ, జేఎన్‌జెడ్, హాల్ట్: ఈ 11 ఆదేశాలు చాలు. పది సంఖ్యల మొత్తం, కూడుతూ పోయి గుణకారం వీటితోనే అయిపోతాయి. ఒక చోటి విలువను ఇంకో చోటికి కాపీ చేసే మూవ్‌ను లూప్‌తో పుట్టిస్తే ఒక గుంత ఉంది. ఏడు రిజిస్టర్లు (ప్రాసెసర్ లోపలి చిన్న గడులు), మెమరీ కలిపి ఎనిమిది చోట్లు; ఎనిమిదికి ఎనిమిది పెడితే 64 వస్తాయి, కానీ నిజమైన మూవ్‌లు 63. మెమరీ నుంచి మెమరీకి అనిపించే ఆ ఒక్క గడి, అంటే 118, హాల్ట్‌ది. అది మరిస్తే ప్రోగ్రాం ఆగదు.

ఎక్కువ టైము తినేది ఫ్లాగులు, అంటే లెక్క ఫలితం ఎలా వచ్చిందో చెప్పే ఒక్కో బిట్టు గుర్తులు. అక్యుములేటర్‌లో (లెక్క ఫలితం చేరే రిజిస్టర్) 156, బి రిజిస్టర్‌లో 100 పెట్టి యాడ్ బి నడపండి. మొత్తం 256, ఎనిమిది బిట్లలో పట్టదు. అక్యుములేటర్ 0 అవుతుంది, క్యారీ 1, జీరో 1. కింది నాలుగు బిట్లు 12, 4 కలిసి 16 అవుతాయి కాబట్టి ఆక్సిలరీ క్యారీ కూడా 1. ఫలితంలో ఒకట్లే లేవు, సున్నా సరిసంఖ్యే కనుక పారిటీ 1. సైన్ 0. జావాస్క్రిప్ట్‌లో మొత్తాన్ని ముందే 8 బిట్లకు కుదించి తర్వాత క్యారీ చూస్తే ఎప్పుడూ 0 వస్తుంది, కుదించకముందే చూడాలి. ఒకటి కలిపే ఐఎన్‌ఆర్ 255ను 0 చేసినా క్యారీని ముట్టదు. దీన్ని యాడ్ కోడ్‌తోనే రాసేసినవాళ్లు ఇక్కడే పట్టుబడతారు.

సిమ్యులేటర్‌కు పరీక్షలు రాసేవాళ్లు కోర్ కోడ్ (ఆదేశాలను నడిపే భాగం) చూడకూడదు. ల్యాబులోని అసలు 8085 ఉన్న కిట్ మీద 20 చిన్న ప్రోగ్రాములు నడిపి, జవాబులు నోట్‌బుక్‌లో రాసుకోవాలి. చాలా కిట్లలో హాల్ట్ పెడితే రీసెట్ కొట్టాల్సి వస్తుంది, ఫ్లాగులు చూడలేరు; కిట్ మీద మాత్రం మాన్యువల్ చెప్పిన ఆర్‌ఎస్‌టీ ఆదేశంతో ముగించండి. ఫ్లాగులుండే ఎఫ్ రిజిస్టర్ మొత్తాన్ని పోల్చకండి. అందులో మనకు పనికొచ్చేవి అయిదే బిట్లు, మిగతా మూడింటిలో ఏదైనా ఉండొచ్చు. 213తో యాండ్ చేసి పోలిస్తే పై లెక్కకు 85 రావాలి.

గంటల పంపకం: కోర్‌కు 50, పరీక్షలకు 60, స్క్రీన్‌కు 70, రికార్డుకు 20. మిగిలిన 16 కరెంటు పోయినప్పటికి.

ల్యాబు సిస్టముల్లో ఏదీ ఇన్‌స్టాల్ చేయనివ్వకపోవచ్చు కనుక ఒకే హెచ్‌టీఎంఎల్ ఫైలుగా చేయండి, నెట్ లేకున్నా బ్రౌజర్లో తెరుచుకుంటుంది. వేరే చోటికి దూకించే జేఎంపీ తన దగ్గరికే దూకితే ట్యాబ్ బిగుసుకుపోతుంది. రన్ బటన్‌కు 1000 ఇన్‌స్ట్రక్షన్లు నడిపి, జావాస్క్రిప్ట్ సెట్‌టైమవుట్‌తో బ్రౌజర్‌ను కాస్త వదిలి, మళ్లీ మొదలయ్యేలా రాయండి.

మొదటి వారం ఎంవీఐ, యాడ్, హాల్ట్ మూడే. శనివారానికి కిట్ జవాబులతో కలవకపోతే, 8085 వదిలి గేట్ల సిమ్యులేటర్‌కు దిగండి. అక్కడా ఒకటి చూసుకోవాలి: నార్ లాచ్‌లో (రెండు నార్ గేట్లతో ఒక బిట్టును గుర్తుపెట్టుకునే సర్క్యూట్) ఎస్, ఆర్ ఇన్‌పుట్లు రెండూ 1 చేసి ఒకేసారి 0కు తెస్తే, గేట్లన్నిటినీ ఒకేసారి మార్చే కోడ్ అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది. 1000 మార్పులు దాటితే ఆపి "స్థిరపడలేదు" అని చూపించండి.