12,34,56,789 గుణాలను చేతి లెక్కతో తెలుసుకునే విధానం

పెద్ద సంఖ్య కనబడగానే 2తో, 3తో, 5తో వరుసగా భాగించుకుంటూ పోవడం మనలో చాలామందికి బడి నాటి అలవాటు. 12,34,56,789 విషయంలో ఆ దారి పట్టినవారు 3 దాటాక తరువాతి ప్రధాన కారణాంకాన్ని అందుకునేలోపు ఐదు వందలకు పైగా ప్రధాన సంఖ్యలతో భాగించి చూడవలసి వస్తుంది. అంత శ్రమ అక్కరలేదు.

ముందుగా అంకెలను కూడండి. మొత్తం 45, అది 9తో నిశ్శేషంగా భాగింపబడుతుంది కనుక అసలు సంఖ్య కూడా భాగింపబడుతుంది, భాగఫలం 1,37,17,421. దీని అంకెల మొత్తం 26 కాబట్టి ఇందులో ఇక 3 లేదు.

ఇప్పుడు 17వ శతాబ్దపు ఫ్రెంచి గణితవేత్త పియర్ ద ఫెర్మా పద్ధతిని వాడాలి. రెండు వర్గాల భేదం ఆ రెండు సంఖ్యల మొత్తాన్ని వాటి భేదంతో గుణించిన లబ్ధానికి సమానం కనుక, మన సంఖ్యను అలాంటి భేదంగా రాయగలిగితే కారణాంకాలు వాటంతట అవే బయటపడతాయి. 1,37,17,421 వర్గమూలం 3703కు, 3704కు మధ్య ఉంది కాబట్టి 3704తో మొదలుపెట్టండి. దాని వర్గం 1,37,19,616. అందులోంచి మన సంఖ్యను తీసివేస్తే మిగిలే 2,195 ఏ పూర్ణసంఖ్యకూ వర్గం కాదు. తరువాతిది 3705. దాని వర్గం 1,37,27,025, తీసివేత ఫలితం 9,604. అది సరిగ్గా 98 వర్గం! రెండో ప్రయత్నంలోనే 3705 − 98 = 3607, 3705 + 98 = 3803 అనే రెండు కారణాంకాలు దొరికాయి. ఈ లెక్కను ఎన్నిసార్లు చేసినా ఆ 9,604 దగ్గర నాకు కలిగే సంతోషం తగ్గదు. అయితే కారణాంకాలు ఒకదానికొకటి దగ్గరగా ఉన్నప్పుడే ఈ పద్ధతి ఇంత వేగంగా ఫలిస్తుందని గుర్తుంచుకోవాలి.

3607ను 59 వరకు, 3803ను 61 వరకు ఉన్న ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే రెండూ ప్రధాన సంఖ్యలేనని తేలుతుంది. అంటే 12,34,56,789 = 3² × 3607 × 3803.

మిగిలిన గుణాలన్నీ ఈ ఒక్క వరుస నుంచే వస్తాయి. ఘాతాంకాలు 2, 1, 1. ఒక్కొక్కదానికి 1 కలిపి గుణిస్తే 3 × 2 × 2, అంటే భాజకాలు 12. వాటి మొత్తం (1 + 3 + 9) × (1 + 3607) × (1 + 3803), అంటే 13 × 3608 × 3804 = 17,84,22,816. అందులోంచి సంఖ్యనే తీసివేస్తే 5,49,66,027 మాత్రమే మిగులుతుంది కనుక ఇది పరిపూర్ణ సంఖ్య (తనను మినహాయించిన భాజకాల మొత్తం తనకే సమానమయ్యే సంఖ్య) కాదు.

ఒక్కచోట జాగ్రత్త అవసరం. ఈ సంఖ్యను 4తో భాగిస్తే శేషం 1 కాబట్టి దీన్ని రెండు వర్గాల మొత్తంగా రాయవచ్చునని తొందరపడి అనుకోవడం సులభం. కానీ 4తో భాగిస్తే శేషం 3 వచ్చే 3607 ఇందులో ఒక్కసారే ఉంది, అలాంటి ప్రధాన సంఖ్య సరిసంఖ్య సార్లు రాకపోతే ఆ విధంగా రాయడం అసాధ్యం.

చివరగా అంకెలను తిరగేసి చూడండి. 12,34,56,789ను 8తో గుణించి 9 కలిపితే 98,76,54,321 వస్తుంది. కాబట్టి రెండింటికీ ఉమ్మడిగా ఉన్న ఏ భాజకమైనా 9ని భాగించి తీరాలి. రెండూ 9తో భాగింపబడతాయి కనుక వాటి గరిష్ఠ సామాన్య భాజకం 9.