అచ్చుకు పంపే బొమ్మ వెక్టరా, బిట్‌మ్యాపా?

శుభలేఖ, కరపత్రం, లెటర్‌హెడ్ వంటివి అచ్చుకు ఇచ్చేటప్పుడు లోగోలను, గీతల బొమ్మలను, అక్షరాలను వెక్టర్ రూపంలో, అంటే ఎస్‌వీజీ, ఈపీఎస్ లేదా పీడీఎఫ్‌గా పంపండి. ఫొటోలకు మాత్రం జేపెగ్ సరిపోతుంది. వెక్టర్ ఫైలులో బొమ్మ గీతల, వంపుల లెక్కగా ఉంటుంది కనుక విజిటింగ్ కార్డు మీదైనా, 20 అడుగుల ఫ్లెక్సీ మీదైనా అంచులు ఒకే పదునుతో వస్తాయి. జేపెగ్, పీఎన్‌జీ వంటి బిట్‌మ్యాప్‌లో ఉండేవి లెక్కపెట్టిన చుక్కలే, అంటే పిక్సెళ్లే. అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున 1200 పిక్సెళ్ల వెడల్పున్న ఫొటో 4 అంగుళాల వరకే నాణ్యంగా అచ్చవుతుంది. దాన్నే ఏ4 కాగితం వెడల్పుకు, అంటే 8.27 అంగుళాలకు సాగదీస్తే అంగుళానికి దాదాపు 145 పిక్సెళ్లే మిగులుతాయి.

తెలుగు అక్షరాలకు ఈ జాగ్రత్త మరీ అవసరం. జేపెగ్ కుదింపు వల్ల అక్షరాల అంచుల చుట్టూ మసక మచ్చలు ఏర్పడతాయి; చిన్న సైజులో ‘స్త్రీ’ వంటి అక్షరం కింది ఒత్తులు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. స్క్రీన్‌షాట్ తప్పనిసరైతే పీఎన్‌జీగా దాచండి. వెక్టర్ ఫైలులోనూ ఫాంటును పొందుపరచాలి, లేదా అక్షరాలను అవుట్‌లైన్లుగా, అంటే గీతల బొమ్మలుగా, మార్చాలి. లేకపోతే ప్రెస్సులోని కంప్యూటరులో ఆ ఫాంటు లేనప్పుడు ఒత్తులు విడిపోయే ప్రమాదం ఉంది. మార్చే ముందు సవరించదగిన ప్రతిని విడిగా ఉంచుకోండి.

జేపెగ్‌ను పీడీఎఫ్‌లో పెట్టినంత మాత్రాన అది వెక్టర్ కాదు. నేను ప్రతి ఫైలునూ పంపే ముందు తెరమీద 800 శాతానికి పెంచి చూస్తాను. అంచులు మెట్లు మెట్లుగా కనిపిస్తే, లోగో గీసినవారి నుంచి అసలు ఫైలును అడిగి తెప్పించుకుంటాను.