కొత్త హెడ్ గ్యాస్కెట్ వేసినా మళ్లీ లీకు ఎందుకు: ఇంటి దగ్గర ఇంజన్ విప్పేవాళ్లకు సమస్య - పరిష్కారం

ఎండాకాలంలో సాలూరు నుంచి సుంకి ఘాట్ మీదుగా కోరాపుట్ వెళ్తుంటే బోనెట్ ఎత్తి పక్కన ఆపిన బండ్లు కనిపిస్తూనే ఉంటాయి. రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి వైపు మన తెలుగువాళ్ల ఇళ్లలో పాత ఓమ్నీలు, జీపులు ఇంకా నడుస్తున్నాయి. వేడెక్కి హెడ్ గ్యాస్కెట్ (సిలిండర్ల బ్లాకుకీ దాని మీద మూతలా కూర్చునే హెడ్‌కీ మధ్య వేసే పల్చటి సీలు) పోతే కొత్తది విజయనగరం నుంచో విశాఖ నుంచో తెప్పించుకుని ఇంటి ముందే బిగించుకునేవాళ్లున్నారు. ఓపిక, మంచి టార్క్ రెంచ్ (పెట్టిన బలం రాగానే క్లిక్ అనే పానా), ఆ బండి మాన్యువల్ ఉంటే చేసుకోదగ్గ పనే. కానీ నెల తిరక్కుండా మళ్లీ అదే సమస్య వస్తే, గ్యాస్కెట్ నాసిరకమని షాపువాడి మీద పడతాం. చాలాసార్లు లోపం గ్యాస్కెట్ కూర్చున్న చోట, అంటే హెడ్, బ్లాకు ఒకదాని మీద ఒకటి ఆనే చదునైన ఫేస్ మీద ఉంటుంది. ఆ ఫేస్ శుభ్రం చేయడానికి పట్టే సమయం బిగింపు సమయం కంటే ఎక్కువే ఉండాలని నా గట్టి నమ్మకం.

లక్షణం: బిగించిన కొద్ది రోజులకే రేడియేటర్‌లో బుడగలు, నీళ్లు తగ్గిపోవడం

మొదట అనుమానించాల్సింది మిగిలిపోయిన పాత గ్యాస్కెట్ ముక్కల్ని. గ్రాఫైట్, ఫైబర్ రకం గ్యాస్కెట్లు వేడికి పెనానికి మాడిన అట్టులా ఫేస్‌కి అంటుకుపోతాయి. సన్నటి రేకు ఒకటి మిగిలినా హెడ్ అక్కడ ఎత్తుగా కూర్చుంటుంది. దాని పక్కన సిలిండర్ చుట్టూ ఉండే ఫైర్ రింగ్ మీద సరిపడా నొక్కుడు పడదు. మండిన గ్యాసు ఆ సందులోంచి నీళ్ల దారిలోకి దూరుతుంది. హెడ్‌ని సరైన చోట నిలిపే డోవెల్ పిన్నుల మొదట్లో ఇరుక్కున్న మురికి, పిన్ను అంచున లేచిన పొక్కు కూడా ఇదే పని చేస్తాయి. అక్కడ చాలామంది చూడరు.

రెండోది గీతలు. పాత ముక్కల్ని స్క్రూడ్రైవర్‌తోనో ఉలితోనో లేపితే అల్యూమినియం హెడ్ మీద గాట్లు పడతాయి. సిలిండర్ అంచు నుంచి నీళ్ల రంధ్రం వైపు పోయే గీత అన్నిటికంటే ప్రమాదం. గోరు ఆడించి చూడండి. గోరు ఆగిందంటే దాన్ని వదిలేసి బిగించకూడదు.

మూడోది నునుపు. షాపులో "ఇది స్టీలుది సార్, ఇంకా మంచిది" అని పొరల స్టీల్ గ్యాస్కెట్ చేతిలో పెడతారు. అది మంచిదే, కానీ దానికి ఫేస్ చాలా నునుపుగా ఉండాలి, సుమారు 30 మైక్రో అంగుళాలు లేదా అంతకంటే తక్కువ గరుకు. పాత మెత్తటి రకం దీనికి రెట్టింపు గరుకున్నా సర్దుకుంటుంది. మెత్తటి గ్యాస్కెట్‌తో వచ్చిన పాత ఇంజన్‌కి ఫేసింగ్ (మిషన్ మీద ఫేస్‌ని చదునుగా, నునుపుగా కోయించడం) చేయించకుండా స్టీల్‌ది వేస్తే లీకు రావడంలో ఆశ్చర్యం లేదు.

పరిష్కారం శుభ్రం చేసే పద్ధతిలోనే ఉంది. ముందుగా సిలిండర్లు, నూనె దారులు, నీళ్ల దారులు అన్నీ పోగులు రాలని బట్టతో మూయండి. షెడ్డుల్లో వాడే కాటన్ వేస్ట్ వద్దు, దాని పోగులే నూనె దారిలోకి పోతాయి. ఎన్ని ముక్కలు పెట్టారో కాగితం మీద రాసుకుని, చివర్లో అన్నీ లెక్కపెట్టి తీయండి. పిస్టన్ అంచు చుట్టూ సన్నగా గ్రీజు రాస్తే రాలిన పొడి దానికి అంటుకుంటుంది. తర్వాత తుడిచేస్తే సరి.

ఆ తర్వాత గ్యాస్కెట్ రిమూవర్ స్ప్రే కొట్టి, డబ్బా మీద రాసినంత సేపు నాననివ్వాలి. తొందరపడి ముందే గీకితే మందుకి పెట్టిన డబ్బు దండగ. ఈ మందు చర్మాన్ని, పెయింట్‌ని తినేస్తుంది. గ్లౌజులు, కళ్లద్దాలు పెట్టుకుని గాలి ఆడేచోట వాడండి, దగ్గర్లో బీడీ కూడా వద్దు. పాత జీపుల గ్యాస్కెట్‌లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు కాబట్టి దాన్ని పొడిగా గీకకండి, వైరు బ్రష్‌తో రుద్దకండి, ఎప్పుడూ తడిపి ఉంచండి. మెత్తబడ్డాక అల్యూమినియం మీద ప్లాస్టిక్ స్క్రేపర్ వాడాలి. లేకపోతే గట్టి చెక్క ముక్కని ఉలి మూతిలా చెక్కుకుని నెట్టండి. ఇనుప బ్లాకు మీద కొత్త బ్లేడు వాడొచ్చు, కానీ దాదాపు పడుకోబెట్టి పట్టాలి. మూల గుచ్చుకుంటే ఇనుము మీదా గీత పడుతుంది. ఓమ్నీ లాంటి బండ్లలో బ్లాకు ఇనుము, హెడ్ అల్యూమినియం. రెండింటికీ ఒకే పనిముట్టు, ఒకే బలం వాడటం దగ్గరే చాలా పనులు చెడతాయి.

చివరి తుడుపు పెట్రోలుతోనో కిరోసిన్‌తోనో వద్దు, అవి జిడ్డు పొర వదులుతాయి. బ్రేక్ క్లీనర్‌తోనో అసిటోన్‌తోనో తుడవండి. తెల్లబట్టతో తుడిచినప్పుడు బట్ట తెల్లగానే వచ్చేదాకా ఆపవద్దు.

లక్షణం: లీకు లేదు, కానీ కొన్నాళ్లకు కింద నుంచి నాకింగ్ (టకటక చప్పుడు), ఆయిల్ ప్రెషర్ తగ్గడం

దీని గురించే అందరికీ గట్టిగా చెప్పాలనిపిస్తుంది. డ్రిల్లు మిషన్‌కో గ్రైండర్‌కో గరుకు ప్యాడ్ తగిలించి ఫేస్ మెరిపించే పద్ధతి ఉంది. చూడటానికి అద్దంలా వస్తుంది. ఆ ప్యాడ్ నుంచి రాలే పొడి మాత్రం చాలావరకు అల్యూమినియం ఆక్సైడ్, అంటే సాన పట్టే పొడి. అది నూనె దారుల్లోంచి దిగి బేరింగుల మెత్తటి లోహంలో గుచ్చుకుని క్రాంక్ షాఫ్ట్‌ని అరగదీస్తుంది. జనరల్ మోటార్స్ కంపెనీ తన డీలర్లకు ఇచ్చిన సర్వీస్ బులెటిన్‌లో ఇలాంటి ప్యాడ్లు ఇంజన్ ఫేసుల మీద వాడవద్దని హెచ్చరించింది. పైగా తిరిగే ప్యాడ్ కింద అల్యూమినియం క్షణాల్లో పల్లం పడుతుంది. మెరుపు చూసి బాగుందనుకుంటాం, స్ట్రెయిట్ ఎడ్జ్ (వంపు లేని ఉక్కు పట్టీ) పెడితే కింద వెలుతురు కనిపిస్తుంది.

నాకింగ్ అప్పటికే మొదలైతే బండి నడపకండి. నూనె, ఫిల్టరు మార్చినంత మాత్రాన సరిపోదు. సంప్ (ఇంజన్ అడుగున ఉండే నూనె తొట్టి) విప్పి బేరింగ్ షెల్స్ (బేరింగుల అర్ధచంద్రాకారపు రేకులు) చూడాల్సిందే. బూడిద రంగు గుచ్చుళ్లు, గీతలు కనిపిస్తే షెల్స్ మార్చాలి, క్రాంక్ కొలిపించాలి.

లక్షణం: ఫేస్ శుభ్రంగానే ఉంది, అయినా హెడ్ కూర్చోవడం లేదు

హెడ్ బెండ్ అయింది. వంటింటి స్టీల్ స్కేలుతో ఇది తెలియదు. లేత్ షాపు నుంచి అసలైన స్ట్రెయిట్ ఎడ్జ్ అడిగి తెచ్చుకోండి, సందు కొలిచే ఫీలర్ గేజ్ కొనండి. నిలువుగా, అడ్డంగా, రెండు మూలల నుంచి ఐమూలగా పెట్టి చూడాలి. హెడ్‌కీ బ్లాకుకీ రెండింటికీ చూడాలి. చాలా చిన్న కార్లకు మాన్యువల్‌లో వంపు హద్దు 0.05 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. మీ బండికి ఎంతో అందులోనే చూడండి.

హద్దు దాటితే హెడ్‌ని ఫేసింగ్‌కి ఇవ్వాలి, ఎమరీ పేపర్‌తో ఇంట్లో సరిచేసే పని కాదు. ఫేసింగ్ కొట్టించే ముందు ఇంకొక్కటి చూడండి. వాల్వుల్ని తెరిచే క్యామ్ షాఫ్ట్ హెడ్‌లోనే ఉండే ఇంజన్లలో వాల్వుల ఒత్తిడి తీసేసి క్యామ్‌ని చేత్తో తిప్పండి. ఒకచోట బిగిసి ఇంకోచోట వదులైతే హెడ్ మొత్తం వంగింది. కింది ఫేస్ ఒక్కటే కొట్టిస్తే పైన క్యామ్ దారి వంకరగానే ఉంటుంది. డీజిల్ హెడ్ అయితే కొట్టే ముందు వాల్వుల లోతు కొలవాలి. గ్యాస్కెట్ మందం కూడా పిస్టన్ ఎంత పైకి వస్తుందో దాన్ని బట్టి ఎంచుకోవాలి.

నీళ్ల రంధ్రాల చుట్టూ గుంటలు పడటం మన వైపు తరచూ చూస్తాం. కూలెంట్ బదులు ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోస్తే అల్యూమినియం తినేస్తుంది. గుంట ఫైర్ రింగ్ దాకా రాకపోతే ఫేసింగ్‌తో పోవచ్చు. దగ్గరికి వచ్చిందంటే ఆర్గాన్ వెల్డింగ్ పెట్టించి ఫేస్ కొట్టించాలి, లేదా వేరే హెడ్ వెతకాలి. అక్కడ ఎం-సీల్ నింపి బిగించేవాళ్లున్నారు. ఆ వేడికి, ఒత్తిడికి అది నిలవదు.

లక్షణం: టార్క్ రెంచ్ ముందే క్లిక్ అనడం, లేదా బోల్టు రంధ్రం దగ్గర బ్లాకు పగలడం

అడుగు మూసుకున్న బోల్టు రంధ్రాల్లో నీళ్లు, నూనె మిగిలాయి. ద్రవం నలగదు. బోల్టు దిగేకొద్దీ అది కింద ఒత్తిడి పెంచి ఇనుమునే చీలుస్తుంది. సిరంజితో లాగేయండి, చుట్టిన బట్ట దించి తడి తీయండి, తర్వాత గాలి కొట్టండి. కళ్లద్దాలు లేకుండా గాలి కొట్టవద్దు.

రంధ్రంలోని మర మీద తుప్పు, మురికి ఉన్నా ఇబ్బందే. రెంచ్ మీద మనం పెట్టే బలంలో బోల్టుని సాగదీసేది సుమారు పదో వంతు మాత్రమే. మిగతాది రాపిడి తినేస్తుంది. మర కాస్త గరుకైనా రెంచ్ సరైన అంకె చూపిస్తుంది, హెడ్ మాత్రం వదులుగా ఉంటుంది. శుభ్రానికని మర కోసే ట్యాప్ దింపితే ఉన్న మర కోసుకుపోతుంది. పాత బోల్టుకి హ్యాక్సా బ్లేడుతో పొడవునా రెండు గాడులు కోసి, చేత్తో ఎక్కిస్తూ దించుతూ ఉంటే మురికి గాడుల్లోకి వస్తుంది. కొత్త బోల్టుల మరకి నూనె రాయాలో వద్దో మాన్యువల్ చెప్పినట్టే చేయండి. సాగే రకం బోల్టులని రాసి ఉంటే పాతవి మళ్లీ వాడవద్దు.

లక్షణం: బయట అంచు నుంచి నూనె చెమర్చడం

టైమింగ్ కవరు బ్లాకుతో కలిసే మూల దగ్గర చూడండి. అక్కడ పాత సీలెంటు గడ్డ కట్టి ఉంటుంది. దాన్ని పూర్తిగా తీసి, మాన్యువల్ చెప్పిన చోట మాత్రమే కొత్త సీలెంటు చుక్క పెట్టాలి. "కాస్త షెల్లాక్ రాసెయ్ బావా, గట్టిగా ఉంటుంది" అని జిగురు పూయమనే సలహా హెడ్ గ్యాస్కెట్‌కి పనికిరాదు. స్టీల్ గ్యాస్కెట్‌కి కంపెనీలోనే పూత వేసి వస్తుంది. మనం రాసిన జిడ్డు పక్కకి ఒత్తుకుని నూనె దారుల్లో పడుతుంది.

లక్షణం: శుభ్రం చేసిన ఇనుప బ్లాకు తెల్లారేసరికి ఎర్రబడటం

జూలై, ఆగస్టుల్లో ఇది మామూలే. నూనె జిడ్డు పూర్తిగా పోయిన ఇనుము తేమ గాలికి ఆగదు. రాత్రికి వదిలేయాల్సి వస్తే పల్చగా ఇంజన్ ఆయిల్ రాసి కప్పండి, బిగించే ముందు మళ్లీ క్లీనర్‌తో తుడవండి. హెడ్ దించేటప్పుడు ఇద్దరు పట్టుకుని తిన్నగా డోవెల్స్ మీదకి దించండి. పక్కకి జరిపితే కొత్త గ్యాస్కెట్ పూత గీసుకుపోతుంది.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా బండి ఇంకా వేడెక్కుతుంటే హెడ్ మళ్లీ విప్పకండి. రేడియేటర్ లోపలి పూడిక, థర్మోస్టాట్, వాటర్ పంపు, ఫ్యాన్, నీళ్ల దారిలో చిక్కుకున్న గాలి, ఇవి చూడండి. మొదటి గ్యాస్కెట్ పోవడానికి మూలం బహుశా వీటిలోనే ఉంటుంది. పాత నూనెలో నీళ్లు కలిసి ఉంటాయి కాబట్టి బిగించిన రోజే నూనె, ఫిల్టరు మార్చండి. ఒక 500 కిలోమీటర్లు తిరిగాక రెండూ మళ్లీ మార్చండి. తీసిన ఫిల్టరుని కోసి మడతలు విప్పి చూడండి. మెరిసే పొడి కనిపిస్తే, నాకింగ్ వినిపించేదాకా ఆగకుండా అప్పుడే సంప్ విప్పండి.