నెల మొదట్లోనే నూనె కొలిచి పెట్టుకోండి

రెండేళ్ల కిందట మా ఆయన రక్తపరీక్షలో ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, 168 వచ్చింది. డాక్టరుగారు "నూనె తగ్గించండమ్మా" అన్నారు. ఎంత, ఎలా అన్నది చెప్పలేదు. ఇంటికొచ్చి కిరాణా చీటీలు తిరగేస్తే మా నలుగురికీ నెలకు ఆరు ప్యాకెట్లు అయిపోతున్నాయని తేలింది. టెన్షన్‌తో ఆ రాత్రి నిద్రపట్టలేదు.

ముందు మీ ఇంటి లెక్క తేల్చుకోండి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 సూచనల్లో 2000 కేలరీల తిండికి నూనె, నెయ్యి కలిపి రోజుకు 27 గ్రాములు అని ఉంది. నలుగురికి నెలకు 3.2 కిలోలు. లీటరు నూనె 910 గ్రాములే తూగుతుంది. నేను 3 లీటర్ల నూనె, 400 గ్రాముల నెయ్యి అనుకున్నాను. ఒకటో తారీఖున ఆ నూనెను ముప్పావు లీటరు పట్టే సీసాలు నాలుగింటిలో పోసి, వారానికి ఒకటి తీస్తాను. చివర్లో మిగిలే రెండు రోజులూ సర్దుకుంటాం. మూడో రోజుకే సీసా సగం దాటి దిగిపోతే నాలుగో రోజు చారు, పచ్చడితో సరి.

పోపుకి చిన్న ఇనప గరిటె వాడండి. వెడల్పాటి మూకుడులో చెంచా నూనె పరుచుకుపోయి ఆవాలు మాడతాయి, అందుకే మనం ఇంకాస్త వంపేస్తాం. గరిటె గుంటలో అదే చెంచా నూనె నిలబడుతుంది, ఆవాలు మునిగి చక్కగా చిటపటలాడతాయి.

అసలు కష్టం గుత్తివంకాయ దగ్గర వచ్చింది. నూనె తేలితేనే కూర అయినట్టని మా అత్తయ్య లెక్క. పల్లీల్లో, నువ్వుల్లో దాదాపు సగం నూనే కదా, అది బయటికి వచ్చేలా వండితే చాలనిపించింది. మూడు చెంచాల నూనెలో కూరిన కాయల్ని ఒకసారి తిప్పి, సెగ బాగా తగ్గించి, పైన పళ్లెం పెట్టి అందులో నీళ్లు పోయండి. లోపలి ఆవిరి చల్లటి పళ్లెం అడుగుకి తగిలి నీరై మళ్లీ కూరలోకే రాలుతుంది, అడుగంటదు. 20 నిమిషాలకు కాయ మెత్తబడుతుంది. పళ్లెం తీసి, కదిలించకుండా ఇంకో 5 నిమిషాలు ఉంచితే కారం అంచుల్లో నూనె మెరుస్తుంది. అత్తయ్య మూకుడు కాస్త వంచి చూసి, "తేలిందిలే" అన్నారు. ఆ మాటకి నాకు కళ్లు చెమర్చాయి.

అలాగని పూర్తిగా మానేయకండి. మొదటి నెల భయంతో మా అమ్మాయికి నెయ్యి లేని పప్పన్నం పెట్టాను, తలుచుకుంటే ఇప్పటికీ బాధే. ఎ, డి, ఇ, కె విటమిన్లు ఒంటికి పట్టాలంటే కొవ్వు కావాలి. తోటకూర, క్యారెట్ వండినప్పుడు చెంచా నూనె వేయాల్సిందే.

ఏ నూనె అని అడుగుతారు. వేరుశనగ, నువ్వులు, తవుడు నూనెలు మార్చి మార్చి వాడతాను. గానుగదైనా ప్యాకెట్‌దైనా గ్రాముకు 9 కేలరీలే, కాబట్టి కొలత మారదు. "కొలెస్ట్రాల్ లేదు" అన్న ముద్ర చూసి ఎక్కువ డబ్బు పెట్టకండి, గింజల నూనెలో అది లెక్కలోకి వచ్చేంత ఉండదు. పామోలిన్‌లో సగం దాకా ఎల్‌డీఎల్‌ని పెంచే సంతృప్త కొవ్వే, అది మా ఇంటికి రాదు.

బజ్జీలకు చిన్న మూకుడు పెట్టి, మిగిలిన నూనె వడకట్టి ఒకటి రెండు రోజుల్లో కూరల్లో వాడేస్తాను. మళ్లీ వేయించడానికి పెట్టను. నల్లబడినా, నురగ కట్టినా పారబోయండి.

ఆవకాయ దగ్గర మాత్రం చెయ్యి బిగించకండి. ముక్క మునిగేలా నూనె లేకపోతే బూజు పడుతుంది. దానికి నేను విడిగా పప్పునూనె, అంటే నువ్వుల నూనె, కొంటాను. వడ్డించేటప్పుడు ముక్కనీ పిండినీ గరిటె అంచుకి నొక్కి తీసి, నూనెను జాడీలోకే జారనిస్తాను.