పాత ల్యాప్‌టాప్ స్క్రీన్‌ని మానిటర్‌గా వాడుకోవాలంటే

మదర్‌బోర్డు పోయిందనో, మరీ స్లో అయిందనో ల్యాప్‌టాప్‌ని అటక మీద పడేస్తాం గానీ చాలాసార్లు దాని స్క్రీన్ మాత్రం నిక్షేపంగా ఉంటుంది. దాన్ని రెండో మానిటర్‌గా వాడుకోవచ్చు. అయితే పక్కనున్న హెచ్‌డీఎంఐ పోర్టులో కేబుల్ పెడితే సరిపోతుందనుకోకండి, ఆ పోర్టు బొమ్మని బయటికి పంపడానికే, లోపలికి తీసుకోదు.

ల్యాప్‌టాప్ ఇంకా ఆన్ అవుతూ విండోస్ 10 గానీ 11 గానీ నడుస్తుంటే స్క్రూడ్రైవర్ జోలికే పోవద్దు. ఆప్షనల్ ఫీచర్స్‌లో వైర్‌లెస్ డిస్‌ప్లే ఇన్‌స్టాల్ చేసి, సిస్టమ్ సెట్టింగ్స్‌లో 'ప్రొజెక్టింగ్ టు దిస్ పీసీ' ఆన్ చేయండి. తర్వాత కొత్త ల్యాప్‌టాప్‌లో విండోస్ కీ, కె కలిపి నొక్కితే పాతది లిస్టులో కనిపిస్తుంది. రెండిటి వైఫైకీ మిరాకాస్ట్ (వైర్లు లేకుండా స్క్రీన్‌ని పంపే పద్ధతి) సపోర్ట్ ఉండాలి. మౌస్ కాస్త ఆలస్యంగా కదులుతుంది కాబట్టి గేమ్స్‌కి పనికిరాదు, పక్కన ఎక్సెల్ తెరిచి పెట్టుకోవడానికైతే హాయిగా సరిపోతుంది.

ఆన్ కాని ల్యాప్‌టాప్‌కైతే ప్యానెల్ (అంటే అసలు తెర) బయటికి తీసి, హెచ్‌డీఎంఐలో వచ్చే బొమ్మని దానికి తగ్గట్టు మార్చి ఇచ్చే కంట్రోలర్ బోర్డు తగిలించడమే దారి. ముందు బ్యాటరీ తీసేయండి. స్క్రీన్ అంచున రబ్బరు బిళ్లలుంటే వాటి కింద స్క్రూలుంటాయి, అవి తీశాక పాత ఏటీఎం కార్డుతో ఫ్రేమ్‌ని చుట్టూ మెల్లగా లేపండి. ప్యానెల్‌ని కీబోర్డు మీద మెత్తని గుడ్డ పరిచి బోర్లా పెడితే వెనక స్టిక్కర్ కనిపిస్తుంది. అసలు పనంతా ఆ స్టిక్కర్‌లోనే ఉంది.

దాని మీదున్న ప్యానెల్ నంబర్ చివరి అక్షరం దాకా రాసుకోండి, ఫోటో కూడా తీసుకోండి. ఉదాహరణకి ఎన్156బీజీఈ-ఎల్21 అంటే 40 పిన్నుల ఎల్‌వీడీఎస్ ప్యానెల్, అదే ఎన్156బీజీఈ-ఈ21 అయితే 30 పిన్నుల ఈడీపీ (ఈ రెండూ ప్యానెల్‌కి బొమ్మని పంపే వేర్వేరు పద్ధతులు). చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, ఒకదాని బోర్డు రెండోదానికి పనిచేయదు. ల్యాప్‌టాప్ మోడల్ చెప్పి బోర్డు కొనడం దండగ, ఎందుకంటే ఒకే మోడల్‌లో కంపెనీ రకరకాల ప్యానెళ్లు వేస్తుంది. ఆన్‌లైన్‌లో కొన్నా, సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లోనో కోఠి గుజరాతీ గల్లీ ఎలక్ట్రానిక్స్ షాపుల్లోనో అడిగినా ఈ నంబర్ చూపించి, దానికి సరిపడే ఫర్మ్‌వేర్ (బోర్డుని నడిపే ప్రోగ్రామ్) ఎక్కించి ఇమ్మనండి. బాగా పాత ల్యాప్‌టాప్ అయితే లోపల ఎల్‌ఈడీ బదులు సన్నని ట్యూబ్ లైటు ఉంటుంది, దానికి ఇన్వర్టర్ బోర్డు కావాలి, అందులో వందల వోల్టులు పుడతాయి. అలాంటివి వదిలేయమనే నా సలహా.

అడాప్టర్ దగ్గరే చాలామందికి చేతి చమురు వదులుతుంది. ఈ బోర్డులకి సాధారణంగా 12 వోల్టులు కావాలి, 2 ఆంపియర్లుంటే 15.6 అంగుళాల స్క్రీన్‌కి ధారాళంగా సరిపోతుంది. ల్యాప్‌టాప్‌తో వచ్చిన 19 వోల్టుల ఛార్జర్ గుచ్చారా, బోర్డు పోయినట్టే. కొన్ని బోర్డుల మీద ప్యానెల్ వోల్టేజీ ఎంచుకోవడానికి జంపర్ (పిన్నుల మీద తొడిగే చిన్న క్లిప్పు) ఉంటుంది, ల్యాప్‌టాప్ ప్యానెల్‌కి అది 3.3 దగ్గరే ఉండాలి. బోర్డు నుంచి ప్యానెల్‌కి వెళ్లే కేబుల్ పెట్టేటప్పుడు ఒకటో పిన్ గుర్తు చూసి, టెన్షన్ పడకుండా పక్క నుంచి నెమ్మదిగా తోయండి. ఒక్క పిన్ అటూ ఇటూ అయినా బ్యాక్‌లైట్ (తెరకి వెనక నుంచి వెలుగిచ్చే లైటు) ఫ్యూజ్ కొట్టేసే అవకాశం ఉంది.

ఫ్రేమ్‌లో బిగించకముందే టెస్ట్ చేయండి. స్క్రీన్ నల్లగా ఉంటే ఫోన్ టార్చి దగ్గరగా వేసి చూడండి, మసకమసకగా బొమ్మ కనిపిస్తే ప్యానెల్ బాగానే ఉంది, బ్యాక్‌లైట్ కరెంటే అందడం లేదు. తెల్లగా వెలిగి ఊరుకుంటే కేబుల్ సరిగా కూర్చోలేదేమో చూడండి. రంగులు పిచ్చిపిచ్చిగా వస్తున్నా, బొమ్మ రెండుగా చీలినా ఫర్మ్‌వేర్ తేడా, ప్యానెల్ నంబర్‌తో మళ్లీ అమ్మినవాళ్లని పట్టుకోవాలి.

బిగించడానికి ల్యాప్‌టాప్ మూతనే వాడుకుంటే ఖర్చు లేదు, ప్యానెల్ దాని కొలతకే చేసింది కదా. కీళ్లు ఉంచేసి చెక్క ముక్కకి స్క్రూ చేస్తే స్టాండ్ కూడా అయిపోతుంది. మూత లోహానిదైతే మాత్రం బోర్డు కింద ప్లాస్టిక్ స్పేసర్లు పెట్టి, వెనక సోల్డర్ చుక్కలు దానికి తగలకుండా చూసుకోండి.