కార్శి ఉంచే ముందు: చెరకు మోడు మళ్లీ చిగురించాలంటే

సంక్రాంతి దాటాక అనకాపల్లి వైపు చెరకు నరుకుడు జోరందుకుంటుంది. గడ బండెక్కితే పని అయిపోయిందనుకుంటాం. కార్శి, అంటే నరికిన మోళ్ల నుంచే మళ్లీ తీసే పంట, ఉంచుకునేవాళ్లకు మాత్రం టెన్షన్ ఆ సాయంత్రమే మొదలవ్వాలి. నిన్నటిదాకా నిండుగా ఉన్న దుబ్బుకు ఇప్పుడు ఒక్క ఆకు లేదు. మోడులో మిగిలిన చక్కెర, పాత వేళ్లు తెచ్చే నీళ్లు, వీటి మీదే కణుపుల దగ్గరి కళ్లు (మొగ్గలు) చిగురించాలి. పిలకలు సొంత వేళ్లు వేసుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది. ఎదిగిన తోట ఓర్చుకునే ఎండను ఈలోపు మోడు ఓర్చుకోలేదు.

ముందు మడి చూసుకోండి. ఎర్రకుళ్లు, కాటుక, గడ్డిదుబ్బు తెగుళ్లు కనిపించిన తోటను కార్శికి వదలొద్దు. విత్తనం ఖర్చు, దున్నకం ఖర్చు మిగులుతాయన్న ఆశతో వదిలితే తెగులునే పెంచుకున్నట్టు. ఒకటి రెండు కార్శులు చాలు. మూడోది నాలుగోది లాగితే దుబ్బు పలచబడుతూనే పోతుంది.

కార్శి ఉంచదలచిన మడిని ఫిబ్రవరి లోపే నరికించండి. మిల్లు కటింగ్ ఆర్డరు మన చేతిలో ఉండదు, నిజమే. కానీ బెల్లం ఆడుకునేవాళ్లకు ఆ సాకు లేదు. ఏప్రిల్, మే ఎండల్లో నరికిన మోడులో కళ్లు విచ్చకముందే పై భాగం ఎండుతుంది. ఉత్తరాదిలో బాధ ఇంకో రకం, అక్కడ చలికాలంలో నరికిన తోట చలికి సరిగా చిగురించదు. మనకు చలితో పేచీ లేదు, ఎండతోనే.

నరుకుడు దగ్గర మీరు నిలబడాలి. వంగి నరకడం కష్టం కాబట్టి కూలీలు జానెడు మోడు వదిలేస్తారు. అప్పుడు నేలపైనున్న కళ్లు ముందు లేస్తాయి. వాటి వేళ్లకు మట్టి అందదు, గాలికి ఒరిగిపోతాయి, మొదటి ఎండకే వాడతాయి. భూమట్టానికి నరికితే లోపలి కళ్లు లేస్తాయి, వేళ్లు తడిలోకి దిగుతాయి. మోళ్లు మిగిలిపోతే వారంలోపే పదునైన పారతో చెక్కించండి. మొద్దు పారతో కొడితే దుబ్బే కదిలిపోతుంది.

ఇక నిప్పు సంగతి. నరికాక మిగిలిన ఆకుల చెత్త తగలబెడితే తోట ఒకేసారి పచ్చగా లేస్తుందని మా ఊళ్లో ఇప్పటికీ అనేవాళ్లున్నారు. ఆ వేడికి పైకళ్లు మాడతాయి, నేలలో తడి పోతుంది. అదే చెత్తను చాళ్లలో ఎకరాకు టన్నుకు కాస్త పైగా పరిస్తే నేల చల్లగా ఉంటుంది, లేత పిలకల్ని తొలిచే పీకపురుగు కూడా తగ్గుతుంది. అయితే చెత్త కుళ్లేటప్పుడు సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని వాడేసుకుంటాయి. అందుకే కార్శికి మొక్క తోట (కొత్తగా నాటిన చెరకు) కంటే నత్రజని ఎక్కువ కావాలి, అదీ ఆలస్యం లేకుండా.

నీటి దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. గడ పాకానికి రావాలని నరుకుడు ముందు నీళ్లు ఆపుతాం కదా, అంటే మోడు దాహంతోనే కొత్త జీవితం మొదలుపెడుతోంది. నరికిన వెంటనే తడి ఇవ్వాలి. ఒక ఏడాది మా మోటారు కాలిపోయి బాగయ్యేసరికి మూడు వారాలు పట్టింది. నీళ్లు పారే బోదె మొదట్లో పిలకలు వచ్చాయి, చివర్న బట్టతలే. అలాగని నీళ్లు నిలవనిచ్చినా ముప్పే, గాలాడక వేళ్లు కుళ్లుతాయి.

నెల తిరక్కుండానే ఖాళీలు చూడండి. మొలకెత్తిన ముచ్చెల్ని (నాటే చెరకు ముక్కల్ని) ముందే ఒక మూల నారుగా పెంచుకుంటే ఖాళీల్లో నాటడం తేలిక. ఆలస్యమైతే పక్క దుబ్బుల నీడలో అవి లేవవు.

లేత ఆకులు ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పాలిపోతే ఇనుము లోపం. కార్శిలో ఇది మామూలే. పాత వేళ్లు అలిసిపోయాయి, కొత్తవి ఇంకా అందుకోలేదు. లీటరు నీటికి 20 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 2 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయండి, వారం తర్వాత మరోసారి.

ఇన్ని చేసినా నెలన్నరకు సగం దుబ్బులు లేవకపోతే పట్టుదలకు పోవద్దు. దున్నేసి, తడి ఉంటే నువ్వులు చల్లుకోండి.