పాటల హార్డ్ డిస్క్ మొరాయిస్తోందా? కొత్తది కొనేముందు ఇవి చూడండి

పాటల డిస్క్ ఆగిపోగానే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి పరుగెత్తేవాళ్లను చాలామందిని చూశాను. అందులో సగంమందికి పోయింది డిస్క్ కాదు, కేబుల్.

కాపీ మధ్యలో డిస్క్ మాయమవుతోంది, మళ్లీ వస్తోంది

పోర్టబుల్ డిస్క్‌కి వెడల్పుగా, మధ్యలో నొక్కు ఉండే పిన్ను ఉంటుంది చూడండి, ముందు దాన్ని అనుమానించాలి. వేలితో కాస్త కదిపితే లైటు ఆరి వెలిగిందంటే దొంగ దొరికినట్టే. పొట్టి కేబుల్ కొత్తది వేయండి. డెస్క్‌టాప్ అయితే ముందువైపు పోర్ట్ వదిలేసి వెనకవైపు పోర్ట్‌కి పెట్టండి. సొంత అడాప్టర్ లేని యూఎస్‌బీ హబ్‌కి తగిలిస్తే డిస్క్‌కి సరిపడా కరెంటు అందదు.

డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో సీ7 అనే వరసలోని అంకె పెరుగుతూ ఉంటే తప్పు సాధారణంగా కనెక్షన్‌ది. 05, సీ5 వరసల్లోవి పెరుగుతుంటే మాత్రం డిస్కే చెడుతోంది. ఆ రోజే పాటలన్నీ వేరే చోటికి తీసేయండి.

టక్... టక్... టక్

తీసేయండి. మళ్లీ పెట్టి చూడొద్దు. లోపల రీడింగ్ హెడ్ తన చోటు దొరక్క కొట్టుకుంటున్న చప్పుడది. మా మామయ్య హరికథల క్యాసెట్లను నెలరోజులు కూర్చుని కంప్యూటర్‌లోకి ఎక్కించాను. ఆ డిస్క్ టక్‌మన్నప్పుడు "ఇంకొక్కసారి" అంటూ నాలుగుసార్లు పెట్టాను. మూడోసారికి ఫోల్డర్ పేర్లైనా కనబడ్డాయి, నాలుగోసారికి అవీ లేవు. ఫ్రీజర్‌లో పెడితే బాగవుతుందనే చిట్కా నమ్మకండి. తిరిగి దొరకని రికార్డింగులైతే డేటా రికవరీ వాళ్లకిచ్చేయడమే, ఖర్చు డిస్క్ ధరకన్నా చాలా ఎక్కువవుతుంది. సినిమా పాటలైతే అంత అవసరం లేదు, ఎక్కడో ఒకచోట దొరుకుతాయి.

కాపీ మొదట్లో పరుగు, తర్వాత నత్తనడక

చాలావరకు ఇది రోగం కాదు, డిస్క్ తయారీ పద్ధతి. ఇప్పటి పోర్టబుల్ డిస్కుల్లో చాలావాటిలో డేటా వరసలు పెంకుటింటి మీద పెంకుల్లా ఒకదానిమీదొకటి ఎక్కి ఉంటాయి. దీన్ని ఎస్ఎంఆర్ అంటారు. మధ్యలో ఒక పెంకు మార్చాలంటే పైవాటిని కూడా లేపి మళ్లీ సర్దాలి కదా, అలాగే ఇక్కడా. పాటలు ఒకసారి ఎక్కించి వందసార్లు వింటాం, కాబట్టి ఇబ్బంది లేదు. రాత్రి కాపీ పెట్టి పడుకోండి. నాస్ బాక్స్‌లో (ఇంటి నెట్‌వర్క్‌కి తగిలించే డిస్కుల పెట్టె) రెయిడ్ పెట్టేవాళ్లు, అంటే కొన్ని డిస్కులను కలిపి ఒకటిగా వాడేవాళ్లు మాత్రం సీఎంఆర్ (వరసలు ఒకదానిమీదొకటి ఎక్కని రకం) అని అడిగి తీసుకోవాలి.

కారులో పెడితే గుర్తుపట్టదు

చాలా కారు స్టీరియోలకు ఎన్‌టీఎఫ్ఎస్ ఫార్మాట్ పడదు. దానికి డిస్క్ ఎందుకు, 32 జీబీ పెన్‌డ్రైవ్‌ని ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి నచ్చిన పాటలు వేసుకోండి. గతుకుల రోడ్డు మీద తిరిగే డిస్క్ ఎంతకాలమో బతకదు.

1 టీబీ కొంటే 931 జీబీయే ఉంది

మోసం కాదు. కంపెనీ వెయ్యి లెక్క, విండోస్ 1024 లెక్క.

ఇవన్నీ చూశాక కూడా కొనాల్సి వస్తే

320 కేబీపీఎస్ ఎంపీ3లో 5 నిమిషాల పాట సుమారు 12 ఎంబీ. ఇరవై వేల పాటలైనా 240 జీబీ దాటవు. సీడీ నుంచి ఫ్లాక్‌లోకి (నాణ్యత తగ్గకుండా కుదించే ఫైల్ రకం) తీస్తే ఆల్బమ్‌కి 300-400 ఎంబీ వేసుకోండి. అందుకే నా మాట: ఒక 4 టీబీ డిస్క్ కాకుండా రెండు 2 టీబీలు కొనండి. పాటలన్నీ రెండింటిలోనూ ఉండాలి. తిరిగే భాగాలు లేని ఎస్ఎస్‌డీ కొంటే పాట బాగా వినిపిస్తుందని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి. కింద పడినా తట్టుకుంటుంది, చప్పుడు చేయదు, అంతవరకు నిజం. కానీ కరెంటు తగలకుండా ఏళ్లతరబడి బీరువాలో ఉంచడానికి అది పనికిరాదు.

3.5 అంగుళాల డిస్క్‌కి అడాప్టర్ వేరే ఉంటుంది. ఎండాకాలం గాలివానకి కరెంటు పోతే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తూనే ఉంటుంది, డిస్క్ మాత్రం రాస్తూ రాస్తూ ఆగిపోతుంది. ఇన్వర్టర్ లేని ఇంట్లో యూఎస్‌బీ కరెంటుతో నడిచే 2.5 అంగుళాలదే మేలు. హైదరాబాద్ ఎర్రగడ్డ ఆదివారం సంతలో చవగ్గా కనబడేవి, ఎన్ని గంటలు నడిచాయో చూసే వీలు లేకపోతే, ముట్టుకోకండి.

పాట మధ్యలో చిట్‌మంటోంది

ఫ్లాక్ ఫైల్‌లోనే అసలు ఆడియోతో సరిపోల్చుకునే గుర్తు ఒకటి దాగి ఉంటుంది. ఫ్లాక్ సాఫ్ట్‌వేర్‌లో టెస్ట్ పెడితే ఫైల్ చెడిందో లేదో తేలిపోతుంది. చెడితే రెండో డిస్క్ నుంచి తెచ్చుకోవాలి. నా రెండోది దిల్‌సుఖ్‌నగర్‌లో అక్క వాళ్లింట్లో ఉంటుంది. దసరాకి, సంక్రాంతికి వెళ్లినప్పుడు కొత్త పాటలు ఎక్కించి వస్తాను. "పిండివంటలకు వచ్చావా, డిస్క్ కోసమా?" అంటుంది అక్క.